తూగే నేల మీద నిలకడ

సైకిలు తొక్కడం బాగా వచ్చిన వారిని ఎవరినైనా పిలిచి, పడిపోకుండా ఎలా తొక్కుతున్నారో వివరంగా చెప్పమని అడిగి చూడండి. "ఏముంది, బ్యాలెన్సు చేసుకోవడమే" అంటారు. ఆ బ్యాలెన్సు ఎలా చేస్తారని మళ్ళీ అడిగితే తల గోక్కుంటారు. బండి కుడి పక్కకు ఒరిగినప్పుడు హ్యాండిలు ఎటు తిప్పుతారని అడిగితే, ఎడమకు అని ఠక్కున చెప్పేవారు ఉంటారు. నిజానికి వారి చేతులు ఆ క్షణంలో కుడికే తిప్పుతాయి. ఒరిగిన వైపుకే ముందుచక్రం తిరిగితే చక్రాలు మనిషి బరువు కిందికి వస్తాయి, బండి మళ్ళీ నిటారుగా లేస్తుంది. రోజూ పది మైళ్ళు తొక్కే మనిషి చేతులకు తెలిసిన ఈ సంగతి అతని నోటికి తెలియదు.

నోటితో అప్పజెప్పగలిగినదీ, కాగితం మీద రాయగలిగినదీ మాత్రమే చదువని మన బడులు చాలాకాలంగా అనుకొంటున్నాయి. శరీరం నేర్చుకొనేదంతా ఆటల పీరియడుకు సంబంధించిన వ్యవహారం; ఆ పీరియడును కూడా పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టారు తీసుకొంటారు. ఇది సరికాదని నా అభిప్రాయం. కదిలే నేల మీద, ఊగే పలక మీద, ఒరిగే బండి మీద నిలబడటం నేర్చుకోవడం కూడా చదువే. అది ఎలాంటి చదువో తెలియాలంటే ముందు శరీరంలో ఏం జరుగుతుందో చూడాలి.

మీలో చాలామంది ఒప్పులకుప్ప ఆడే ఉంటారు. చేతులు పట్టుకొని గిరగిరా తిరిగి ఒక్కసారి ఆగితే నేల, చెట్లు, గోడలు అన్నీ తిరుగుతున్నట్లు కనిపిస్తాయి. దీనికి కారణం చెవి లోపల ఉంది. చెవి వినడానికే అనుకొంటాం కాని, లోచెవిలో మూడు సన్నని అర్ధవలయ నాళాలు ఉన్నాయి. ఒకదానికొకటి దాదాపు లంబంగా, గదిలో రెండు గోడలూ నేలా మూలన కలిసినట్లు అమరి ఉంటాయి. వాటినిండా ద్రవం. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ వెనకబాటును లోపలి సన్నని రోమకణాలు గ్రహించి మెదడుకు వార్త పంపుతాయి. చాలాసేపు తిరిగితే ద్రవం కూడా నాళంతోపాటు తిరగసాగుతుంది. మనం ఆగిపోయాక కూడా అది ఆగక తిరుగుతుంది. కాళ్ళు ఆగాయని అరికాళ్ళు చెబుతుంటే, ఇంకా తిరుగుతున్నామని చెవి చెబుతుంది. మెదడు ఎవరి మాట నమ్మాలో తెలియక తికమకపడుతుంది. ఈ నాళాల పనిని గురించి పరిశోధించిన రాబర్ట్ బరానీ అనే వైద్యునికి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. అప్పుడాయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా వారి చేతిలో బందీగా ఉన్నాడు.

చెవి ఒక్కటే కాదు. కన్ను ఉంది. గోడ నిటారుగా ఉందా, దిగంతం వంగిందా అన్నది కన్ను చూస్తూనే ఉంటుంది. మూడోది మనం ఎప్పుడూ తలచుకోనిది. అరికాళ్ళ చర్మం, చీలమండల కీళ్ళు, పిక్కల కండరాలు ఎంత సాగాయో ఎంత నొక్కుకొన్నాయో క్షణక్షణం పైకి కబురు పంపుతుంటాయి. కళ్ళు మూసుకొన్నా మీ మోచేయి ఎక్కడ ఉందో మీకు తెలుస్తుంది కదా! ఆ తెలివి దీనిదే.

ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. పక్కన గోడ ఉండేలా చూసుకొని ఒంటికాలి మీద నిలబడండి. అంకెలు లెక్కపెట్టండి. తరువాత కళ్ళు మూసుకొని అలాగే నిలబడండి. ముందు ముప్పై దాకా సునాయాసంగా నిలిచినవారు కూడా ఇప్పుడు పది లోపే కాలు దించవచ్చు. చీలమండ ఎంతలా అటూ ఇటూ కొట్టుకొంటుందో గమనించండి. నిలబడటమంటే కదలకుండా ఉండటం కాదనీ, ఆగకుండా పడుతూ ఆగకుండా సర్దుకోవడమనీ అప్పుడు తెలుస్తుంది. పాదాలు దగ్గరగా చేర్చి కళ్ళు మూసుకోమని చెప్పి రోగి తూలుతాడేమో చూడటం నేటికీ వైద్యులు చేసే పరీక్షే. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రోంబర్గ్ పేరుతో దాన్ని పిలుస్తారు.

ఇక నేర్చుకోవడం సంగతి. తల వెనుక భాగాన, కింద, చిన్నమెదడు ఉంది. బరువులో అది మొత్తం మెదడులో పదో వంతు మాత్రమే. కాని మెదడులోని నాడీకణాలలో సగానికి మించి అక్కడే ఉన్నాయి. ఒక కదలిక చేసేముందు దాని ఫలితం ఎలా ఉంటుందో అది ముందే అంచనా వేసుకొంటుంది. జరిగినదాన్ని ఆ అంచనాతో పోల్చి చూసుకొంటుంది. తేడా వస్తే తరువాతిసారి ఆదేశాన్ని కొద్దిగా మారుస్తుంది. ఈ తేడాయే దానికి పాఠ్యపుస్తకం. తూలకపోతే తేడా లేదు, తేడా లేకపోతే పాఠం లేదు. అందుకే గట్టి నేల మీద ఎన్నేళ్ళు నడిచినా ఊగే పలక మీద నిలబడటం రాదు. ఒడ్డున కూర్చొంటే ఈత రానట్లే ఇదీను.

మొదటిసారి ఊగే పలక ఎక్కినవారిని చూడండి. మోకాళ్ళు బిగుసుకొంటాయి, భుజాలు చెవులదాకా లేస్తాయి, ఊపిరి బిగబడుతుంది, చూపు పాదాల మీదనే ఉంటుంది. ఒళ్ళంతా ఒక్క కర్రలా అవుతుంది. మన శరీరంలో కదిలే కీళ్ళు చాలా ఉన్నాయి, అన్నింటినీ ఒకేసారి అదుపు చేయడం కొత్తవారికి సాధ్యం కాదు. అందుకని ముందు చాలావాటిని బిగించి, పని తగ్గించుకొంటారు. సాధన పెరిగినకొద్దీ ఒక్కొక్క కీలునే వదులుతూ వస్తారు. ఈ విషయాన్ని సోవియట్ శాస్త్రజ్ఞుడు నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ వివరించాడు. కాబట్టి బిగుసుకుపోయిన పిల్లవాణ్ణి "వదులుగా ఉండరా" అని అరిచి లాభం లేదు. వదులు ఆజ్ఞాపిస్తే వచ్చేది కాదు, ఆ బిగువుతోనే మరికొన్నిసార్లు ఎక్కి దిగితే వస్తుంది. రాగానికీ వేపాకుకూ వేమన చెప్పిన మాట పాదాలకు కూడా చెల్లుతుంది.

నేర్చుకొన్నాక మరో వింత జరుగుతుంది. శరీరం తూలాక సర్దుకోవడం కాదు, తూలకముందే సర్దుకొంటుంది. నిలబడి చేయి ముందుకు చాపినప్పుడు, చేయి కదలడానికి ఓ క్షణం ముందే వీపులోనూ కాళ్ళలోనూ కండరాలు బిగుస్తాయి. చేయి బరువు మనల్ని ముందుకు లాగుతుందని శరీరానికి అప్పటికే తెలుసు. ఇది మనందరిలో రోజూ జరిగేదే. ఈ ముందుచూపు మాటలతో వచ్చేది కాదు, అనుభవంతో మాత్రమే వస్తుంది.

ఈ విద్యలో ఆరితేరినవారు మన భాష మాట్లాడేవారిలోనే ఎందరో ఉన్నారు. ఒడిశాలోని గంజాం తీరాన గోపాలపురంలోనూ, ఇంకా పైన పూరీలోనూ తెలుగు మాట్లాడే మత్స్యకారులు ఉన్నారు. పూరీలో స్నానానికి దిగిన యాత్రికుల చేయి పట్టుకొని కెరటాలు దాటించే 'నోలియా'లలో చాలామంది వీరే. వీరి తాతముత్తాతలు వాడిన తెప్పను గురించి కొంచెం చెప్పాలి. తెప్ప పడవ కాదు. దానికి అంచులు లేవు, లోపలి భాగమంటూ లేదు. తేలికైన దుంగలను చెక్కి, పక్కపక్కన పేర్చి తాళ్ళతో కడతారు. తమిళంలో దాన్ని కట్టుమరం అంటారు. ఇంగ్లీషువారి కాటమరాన్ ఆ మాట నుంచే వచ్చింది. దుంగల సందుల్లోంచి నీరు పైకి వస్తుంది, పోతుంది. అందువల్ల అది నీటితో నిండి మునగదు. కాని దాని మీద నిలబడినవారి కాళ్ళ కింద నేల అనేది ఒక్క క్షణం కూడా ఒకేలా ఉండదు. తడి దుంగ జారుతుంది. ముందు నుంచి వచ్చే కెరటం తెప్పను ఎత్తుతుంది, దాటిన వెంటనే దింపుతుంది. అక్కడ నిలబడి తెడ్డు వేయాలి, వల విసరాలి, నిండిన వలను లాగాలి.

వల విసరడం సంగతి ఆలోచించండి. బరువైన వలను ఒక వైపు విసిరితే మనిషి రెండోవైపుకు తూలుతాడు. గట్టి నేల మీదైతే పాదం నేలను నెట్టి ఆపుతుంది. తెప్ప మీద నేలే వెనక్కి జరుగుతుంది. అందుకని మోకాళ్ళు కాస్త వంచి, పాదాలు ఎడంగా పెట్టి, నడుము నుంచి సర్దుకొంటాడు. ఇరుకైన చోట, జారే చోట చీలమండ ఒక్కటే సరిపోదు, నడుము కూడా రావాలి. ఈ సంగతిని ప్రయోగశాలల్లో కదిలే పలకల మీద మనుషులను నిలబెట్టి శాస్త్రజ్ఞులు 20వ శతాబ్దంలో కొలిచి చూశారు. తెప్ప మనిషి నడుముకు అది ఎప్పటినుంచో తెలుసు. చాలాసేపు కడలి మీద ఉండి ఒడ్డుకు దిగినవారికి కొంతసేపు గట్టి నేలే ఊగుతున్నట్లు ఉంటుంది. కదిలే నేలకు అలవాటుపడిన మెదడు కదలని నేలకు మళ్ళీ సర్దుకోవడానికి పట్టే వ్యవధి అది.

ఇప్పుడు చాలా రేవుల్లో ఫైబరు పడవలు, మోటార్లు వచ్చాయి. అది మంచిదే. తెప్ప మీద ప్రాణాలు పోగొట్టుకొన్నవారు తక్కువేమీ కాదు. ఎవరూ తిరిగి తెప్ప ఎక్కాలని నేను కోరను. తెప్పతోపాటు ఆ నేర్పుకు పేరు కూడా లేకుండా పోతుందే అన్నదే నా బాధ. తెడ్డు వేసే కొడుకును బడిలో "మొద్దు" అన్నవారు ఉన్నారు. వాడి పాదాలకు ఎంత లెక్క తెలుసో వారికి తెలియదు.

కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, పళ్ళెంతో సహా రంగస్థలమంతా తిరుగుతుంది. ఒక్కొక్కసారి తల మీద నీటిచెంబు కూడా ఉంటుంది. 1963లో మద్రాసులో వెంపటి చినసత్యం గారు స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీలో నేర్చుకొన్నవారి ద్వారా ఈ నాట్యం దేశదేశాలకు వెళ్ళింది. యానాం చుట్టుపక్కల గోదావరి పల్లెల్లో జాతర్లకు గరగలు నెత్తిన పెట్టుకొని ఆడతారు. బెంగుళూరులో కరగ, తమిళనాట కరగాట్టం అందరికీ తెలిసినవే. వీటిని చూసి చప్పట్లు కొడతాం. కాని వీధిలో రెండు వెదురు గడల మధ్య తాడు కట్టి దాని మీద నడిచే దొమ్మరి కుటుంబం బిడ్డకు నాలుగు చిల్లర డబ్బులు వేసి పక్కకు తప్పుకొంటాం. రెండుచోట్లా ఉన్నది ఒకే విద్య. ఒకటి కళ అయింది, మరొకటి బిచ్చమైంది. చేతిలో అడ్డంగా పట్టుకొన్న పొడవైన గడ ఆ అమ్మాయి తూలడాన్ని నెమ్మది చేస్తుంది, సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. ఆమె చూపు పాదాల మీద ఉండదు, ఎదుట కదలని చోట నిలిచి ఉంటుంది. ఆ వయసు పిల్ల పొట్టకూటికి తాడెక్కకూడదు, బడిలో ఉండాలి. 6 నుంచి 14 సంవత్సరాల పిల్లలందరికీ ఉచిత విద్య హక్కు అని 2009 చట్టం చెబుతున్నది. అందులో నాకు సందేహం లేదు. ఆ పిల్ల బడిలో చేరిన రోజున ఆమెకు వచ్చినదాన్ని చూసి మనం సిగ్గుపడేలా చేస్తామా, నేర్పించమని అడుగుతామా అన్నదే ప్రశ్న.

నిలకడ నేర్చుకోవడం వల్ల జీవితాలు ఎంతగా మారతాయో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా చూపించింది. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ గారు చదువుతోపాటు సైకిలు తొక్కడం కూడా స్త్రీలకు నేర్పించాలని పట్టుబట్టారు. పొలం కూలీలు, రాళ్ళ క్వారీలో పనిచేసేవారు, పల్లెల్లో తిరిగే నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు నేర్చుకొన్నారు. లక్ష మందికి పైగా స్త్రీలు సైకిలు ఎక్కారు. దారిలో వెక్కిరించినవారు ఉన్నారు, లక్ష్యపెట్టలేదు. ఆడవారి సైకిళ్ళు చాలక మగవారి సైకిళ్ళే తొక్కారు. సీటు నుంచి హ్యాండిలు దాకా ఉండే ఆ అడ్డకడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చునని అవే మేలన్నవారు కూడా ఉన్నారు. నీళ్ళకు, సంతకు, పనికి, ఇంకొకరి కోసం కనిపెట్టుకోకుండా వెళ్ళగలగడం వారికి వచ్చింది. వారిలో పెళ్ళయి పిల్లలున్నవారు కూడా ఉన్నారు. వయసు మించిపోయిందని ఎవరి శరీరమూ వారికి చెప్పలేదు. చుట్టూ ఉన్నవారే చెబుతూ వచ్చారు.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి ఒకటి చెప్పక తప్పదు. "పడతావు, దిగు" అనే మాట ఇంట్లో అబ్బాయికి ఒకసారి వినిపిస్తే అమ్మాయికి పదిసార్లు వినిపిస్తుంది. చెట్టెక్కవద్దు, గోడ మీద నడవవద్దు, సైకిలు నీకెందుకు, అన్నయ్య దింపుతాడులే. కొన్నేళ్ళు ఇలా విన్నాక ఆ అమ్మాయి నిజంగానే తూలుతుంది. అప్పుడు "చూశావా, నేను చెప్పలేదూ" అంటారు. ఆమె తూలేది ఆడపిల్ల అయినందుకు కాదు, తూలే అవకాశం అంతకుముందు ఇవ్వనందుకు.

దీనికి పెద్దలు చెప్పే జవాబు నాకు తెలుసు. బిడ్డ చేయి విరిగితే ఎవరు చూస్తారు? బడిలో విరిగితే తల్లిదండ్రులు ఎవరిని నిలదీస్తారు? ఈ భయం కొట్టిపారేయదగినది కాదు. ఎముకలు నిజంగానే విరుగుతాయి. కాని ఎత్తు వేరు, ఊపు వేరు. ప్రమాదం ఎత్తులో ఉంది. నేర్పు వచ్చేది ఊపు వల్ల. జానెడు ఎత్తున ఊగే పలక మీద నేర్చుకొనేది చాలావరకు నిలువెత్తు తాడు మీద నేర్చుకొనేదే. ఎత్తును తగ్గించి ఊపును ఉంచడం పెద్దల పని. రెండింటినీ కలిపి తీసివేసి, సిమెంటు చదును మీద పిల్లలను వరుసగా నిలబెట్టి, క్షేమంగా ఉన్నారని సంతోషించడం నాకు నచ్చదు. ఎందుకంటే ఆ క్షేమం కొంతకాలమే. తడి మెట్టు మీదనో, కదిలే బస్సులోనో, వానకు జారే గట్టు మీదనో ఏదో ఒకరోజు కాలు జారుతుంది. అప్పుడు సర్దుకోవడానికి సెకనులో చిన్న వంతు వ్యవధి కూడా ఉండదు. ఆలోచించి చేసే పని కాదది.

పడిపోవడం చిన్న విషయమనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. అనుకోకుండా జరిగే ప్రమాదాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. అలా చనిపోయేవారిలో ముసలివారే ఎక్కువ. మీ ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఒకసారి జారిపడి ఉంటే, ఆ తరువాత ఏం జరిగిందో మీరు చూసే ఉంటారు. పడతానన్న భయంతో నడవడం తగ్గిస్తుంది. నడక తగ్గినకొద్దీ కాళ్ళు బలహీనపడతాయి, నిలకడ ఇంకా తగ్గుతుంది, మళ్ళీ పడుతుంది. "మంచం దిగవద్దమ్మా, ఏం కావాలో మేం తెస్తాం" అని ప్రేమగా చెప్పే మాట ఆమెను మరింత పడేలా చేస్తుంది. నిలకడ పెంచే వ్యాయామాలను క్రమంగా చేసిన వృద్ధులలో పడిపోవడం దాదాపు నాలుగో వంతు తగ్గిందని 2019లో ఎన్నో పరిశోధనలను కలిపి పరిశీలించినవారు తేల్చారు. ముసలి మెదడు కూడా నేర్చుకొంటుంది. వైద్యునితో ఒక మాట చెప్పి, సాయంత్రం పూట ద్వారబంధం పట్టుకొని ఒక్కొక్క కాలి మీద కొద్దిసేపు నిలబడమనండి, మీరు పక్కనే ఉండండి. ఇది మందుల షాపులో దొరకని వైద్యం.

బడిలో ఏం చేయవచ్చు? దీనికి డబ్బు అక్కరలేదు. ఆరడుగుల పలకను రెండు ఇటుకల ఎత్తున పెట్టి, కింద ఇసుక పోస్తే చాలు. దాని మీద అటునుంచి ఇటు నడవాలి. వచ్చాక పలక కింద ఇటుకలకు బదులు ఇసుక బస్తా పెట్టాలి. తరువాత గాలి కొంచెం తీసిన లారీ ట్యూబు. రోజుకు పది నిమిషాలు చాలు. ఒకేరోజు రెండు గంటలు చేయడం కన్నా రోజూ కొంచెం చేయడం మేలు. మధ్యలో వచ్చే రాత్రి నిద్రలో మెదడు ఆ పాఠాన్ని స్థిరపరచుకొంటుంది. పడినవారిని చూసి నవ్వేవారిని మాస్టారు ముందుగా పలక ఎక్కించాలి. ఎవరు ఎక్కువసేపు నిలబడ్డారన్న పోటీ పెట్టవద్దని నా మనవి. పోటీ పెడితే అప్పటికే వచ్చినవారు ముందుకొస్తారు, రానివారు గోడ పక్కన నిలబడి చూస్తారు. ఈ పలక ఎవరి కోసమో వారే దానికి దూరమవుతారు.

సైకిలు నేర్పే అన్నయ్యలకు, అక్కయ్యలకు ఒక మాట. వెనక పరుగెత్తుతూ హ్యాండిలు పట్టుకొనే అలవాటు మానుకోండి. ఒరిగిన వైపుకు హ్యాండిలు తిప్పడమే నేర్చుకోవలసిన పాఠం. దాన్ని మీరు బిగించి పట్టుకొంటే ఆ పాఠం జరగదు. పట్టుకోవలసి వస్తే సీటునో నేర్చుకొనేవారి భుజాన్నో పట్టుకోండి. అంతకన్నా మంచి పద్ధతి ఉంది. పెడల్సు విప్పేసి, రెండు పాదాలూ నేలకు ఆనేంతగా సీటు దించి, కొద్దిపాటి పల్లం ఉన్న ఖాళీ స్థలంలో కాళ్ళతో నెట్టుకొంటూ పొమ్మనండి. బండి జోరందుకొన్నప్పుడు కాళ్ళు వాటంతటవే పైకి లేస్తాయి. ముందు రెండు గజాలు, తరువాత పది గజాలు. పల్లం పొడవునా కాళ్ళు ఆనకుండా పోగలిగిన రోజున పెడల్సు బిగించవచ్చు. దీనికి కావలసింది ఒక స్పానరు. సైకిలు షాపులో అడిగితే కాసేపు ఇస్తారు.